మన ఊళ్ళో ఆగని బండి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు అడిగారు. చదువు గురించీ, క్రమశిక్షణ గురించీ, గురువుల గురించీ నాకంటే బాగా రాసే పెద్దలు ఈ సంచికలో ఎలాగూ ఉంటారు. అందుకే నేను ఒక రైలు గురించి రాయదలచుకున్నాను. అది మన వేటపాలెం మీదుగానే పోతుంది, కానీ మన ఊళ్ళో ఆగదు. దాని పేరు చెన్నై రాజధాని ఎక్స్‌ప్రెస్. మన హాస్టల్లో చదివిన ప్రతివాడికీ దాని చప్పుడు తెలుసు. లోపల ఏముంటుందో తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ.

ఆ బండి ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్ స్టేషనుకీ, చెన్నై సెంట్రల్‌కీ మధ్య నడుస్తుంది. దూరం దాదాపు 2,175 కిలోమీటర్లు. ఇరవై ఎనిమిది గంటల పైచిలుకు ప్రయాణం. వారానికి రెండే రోజులు. బండి మొత్తం ఏసీ బోగీలే. 1899లో మద్రాసునీ బెజవాడనీ కలిపిన లైను మీదుగానే ఇదీ పోతుంది. ఆ లైను మీద తెనాలి, నిడుబ్రోలు, బాపట్ల, స్టూవర్టుపురం, చీరాల, జాండ్రపేట దాటితే మన వేటపాలెం. ప్యాసింజరు బండి అయితే ఈ స్టేషన్లన్నిటినీ పేరుపేరునా పలకరించుకుంటూ వస్తుంది. రాజధానికి అంత తీరిక లేదు.

నేను హాస్టల్లో ఉన్నది 1992 నుంచి 1997 దాకా. ఆరో తరగతిలో చేరి పదో తరగతి పరీక్షలు రాసి వెళ్ళాను. అప్పుడు మనది ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా అయింది. మా అమ్మ జీడిపప్పు తయారుచేసే చోట కూలికి వెళ్ళేది. వేటపాలెం జీడిపప్పు అంటే రాష్ట్రమంతా పేరు. ఆ పప్పు తెల్లగా రావాలంటే గింజ పగలగొట్టేవాళ్ళ చేతులు నల్లబడాలి. పెంకులోంచి కారే జీడి అంటుకుంటే చర్మం పొరలు పొరలుగా లేచిపోతుంది. హాస్టల్లో చేర్చిన రోజు అమ్మ నా ట్రంకుపెట్టెలో ఒక పాత చీర మడతపెట్టి పెట్టింది. హాస్టల్లో ఇచ్చే దుప్పటి వచ్చేదాకా కప్పుకోమని చెప్పింది. దుప్పటి వచ్చాక కూడా దాన్ని పరుచుకునేవాణ్ణి.

తొమ్మిది, పది తరగతుల్లో ఉన్నప్పుడు సెలవు రోజుల్లో బట్టలు ఉతికి ఆరేసుకున్నాక మేము కొంతమందిమి పట్టాల వైపు వెళ్ళేవాళ్ళం. రాజధాని వచ్చే వేళ మాకు తెలుసు. మొదట్లో దాన్ని మద్రాస్ రాజధాని అనేవాళ్ళం. 1996లో మద్రాసు పేరు చెన్నైగా మారాక బండి పేరు కూడా మారింది. దూరం నుంచే కూత వినిపించేది. ఆ తరువాత నేల కొద్దిగా అదిరేది. చూస్తుండగానే బోగీలన్నీ ఒక దాని వెంట ఒకటి కొట్టుకుపోయేవి. కిటికీ అద్దాలు నల్లగా ఉండేవి. లోపలివాళ్ళకి మేము కనిపిస్తామేమో గానీ మాకు లోపలివాళ్ళు కనిపించేవాళ్ళు కాదు. అయినా చేతులు ఊపేవాళ్ళం.

మాలో ఒకడికి లెక్కలంటే ప్రాణం. వాడి పేరు ఇక్కడ రాయను, మా బ్యాచ్ వాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది. ఒక రోజు వాడు బోగీలు లెక్కపెట్టాడు, పద్దెనిమిది. ఇంకొకణ్ణి అంకెలు లెక్కపెట్టమని, బండి మొత్తం ఒక కరెంటు స్తంభాన్ని దాటడానికి ఎంతసేపు పట్టిందో చూశాడు, పద్నాలుగు సెకన్లు. ఒక్కో బోగీ సుమారు 22 మీటర్లు ఉంటుందని ఎక్కడో చదివాడు. పద్దెనిమిదికి 396 మీటర్లు, ఇంజనుకి ఇంకో 20. మొత్తం 416 మీటర్లు పద్నాలుగు సెకన్లలో. అంటే సెకనుకి దాదాపు 30 మీటర్లు, గంటకి 107 కిలోమీటర్లు. పుల్లతో మట్టిలో రాసి చూపించాడు. తరువాత రోజుల్లో రైల్వే బోర్డు పరీక్షల పుస్తకాల్లో సరిగ్గా ఇవే లెక్కలు నాకు కనిపించాయి. ఆ అధ్యాయం నేను మళ్ళీ చదవలేదు. అప్పటికే వాడు నేర్పేశాడు.

ఆ బండి గురించి మాలో మేము చెప్పుకున్న కబుర్లకు లెక్కలేదు. లోపల ఎప్పుడూ చలికాలంలా ఉంటుందట. కూర్చున్న చోటికే అన్నం తెచ్చి పెడతారట. రాత్రికి ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పట్లు ఇస్తారట, మనిషికి రెండు. ఇది విని మేమందరం నోళ్ళు తెరిస్తే మా లెక్కల వాడు మాత్రం ఒకటే అడిగాడు.

"ఒరేయ్, అన్ని దుప్పట్లు ఎవడు ఉతుకుతాడ్రా?"

అందరం నవ్వాం. ఆ పూటే మా దుప్పట్లు మేము రాళ్ళ మీద బాది వచ్చాం కాబట్టి వాడికి ఆ ప్రశ్న వచ్చింది. కానీ ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు.

మన ఊరికి ఒక భాగ్యం ఉంది, సారస్వత నికేతనం. 1918లో మొదలైన గ్రంథాలయం. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు అక్కడికి వస్తారు. 1929లో గాంధీజీ ఆ గ్రంథాలయానికి వచ్చారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. పదో తరగతి సెలవుల్లో నేను అక్కడ కూర్చుని రైళ్ళ గురించి దొరికినవి చదివాను. అప్పుడు మొదలైన అలవాటు ఇంకా పోలేదు. అలా ఇన్నేళ్ళలో తెలుసుకున్న సంగతులు కొన్ని తమ్ముళ్ళకు చెబుతాను.

గాంధీజీ మన ఊరొచ్చిన ఆ 1929లోనే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది. మనం జీటీ అని పిలిచే బండే. మొదట్లో అది పెషావరు నుంచి మంగుళూరు దాకా నడిచేదట. ఆ చివర నుంచి ఈ చివరకు దాదాపు 104 గంటలు పట్టేదని చెబుతారు. ఆ తరువాతే అది ఢిల్లీ, మద్రాసుల మధ్య బండి అయింది. బొంబాయి నుంచి పెషావరుకు నడిచే ఫ్రాంటియర్ మెయిల్ 1928లో మొదలైంది. 1934లో దానికి చల్లదనం ఏర్పాటు చేశారు. ఎలాగంటే, బోగీ కింద పెట్టెల్లో మంచు దిమ్మెలు పేర్చి, ఆ చల్లగాలిని లోపలికి కొట్టేవాళ్ళు. దారిలో కొన్ని స్టేషన్లలో కరిగిన మంచు తీసి కొత్త దిమ్మెలు ఎక్కించేవాళ్ళు. మన దేశంలో రైలు ప్రయాణికుడికి ఏసీ వచ్చిన తీరు అది.

ఆ చల్లదనం పై తరగతుల వాళ్ళకే. ఆ రోజుల్లో రైల్లో మొదటి తరగతి, రెండో తరగతి, ఇంటర్, మూడో తరగతి అని నాలుగు ఉండేవి. జనం అంతా మూడో తరగతిలోనే. గాంధీజీ మూడో తరగతిలో తిరిగి, అక్కడి మురికి, తొక్కిసలాట గురించి 1917లో వ్యాసం రాశారు. 1930లో బొంబాయి, పూనాల మధ్య దక్కన్ క్వీన్ మొదలైనప్పుడు అందులో మూడో తరగతి బోగీయే లేదు. అంటే బండి గొప్పదవ్వాలంటే మనలాంటివాళ్ళు అందులో లేకుండా ఉండాలన్నమాట.

ఇంకో సంగతి మన హాస్టల్ పిల్లలు తప్పక తెలుసుకోవాలి. 1901లో బాబాసాహెబ్ అంబేద్కర్ పదేళ్ళ పిల్లవాడు. తండ్రి పనిచేసే చోటికి వెళ్ళడానికి అన్నతోనూ, అక్క కొడుకుతోనూ కలిసి సతారా నుంచి రైలెక్కి మసూర్ స్టేషనులో దిగాడు. మంచి బట్టలు వేసుకున్న పిల్లలు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చారు. స్టేషన్ మాస్టరు దయగానే పలకరించాడు. కులం పేరు విన్నాక ముఖం మారిపోయింది. బండివాళ్ళెవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి పిల్లలే తోలుకునేట్టు, బండివాడు పక్కన నడిచేట్టు ఒప్పందం చేసుకుని బయలుదేరారు. ఈ సంగతి ఆయనే రాసుకున్నారు. టిక్కెట్టు కొన్నంత మాత్రాన ప్రయాణం అందరికీ ఒకటి కాదని ఆయనకు పదేళ్ళ వయసులోనే తెలిసింది.

స్వతంత్రం వచ్చాక మార్పులు మెల్లగా వచ్చాయి. మొదటి రాజధాని ఎక్స్‌ప్రెస్ 1969 మార్చిలో ఢిల్లీ, హౌరాల మధ్య మొదలైంది. గంటకు 120 కిలోమీటర్ల వేగం. దాదాపు 1,450 కిలోమీటర్లను పదిహేడు గంటల పైచిలుకులో చేర్చేది. బండి మొత్తం ఏసీ, భోజనం టిక్కెట్టులోనే. 1974లో మూడో తరగతి అన్న పేరు తీసేశారు. పేరు పోయింది గానీ చెక్క బల్లలు అలాగే ఉన్నాయి. 1977లో మధు దండావతే రైల్వే మంత్రి అయ్యారు. ఆయన చేసిన పనుల్లో ఒకటి చిన్నదిగా కనిపిస్తుంది. రెండో తరగతి స్లీపర్ బల్లల మీద రెండంగుళాల మెత్త వేయించారు. మొదటి తరగతిని దించడం ఆయన ఉద్దేశం కాదు, రెండో తరగతిని లేపడం. ఇవాళ స్లీపర్‌లో పడుకునే కోట్లమంది వీపుల కింద ఉన్నది ఆ నిర్ణయమే. 1993లో రాజధానుల్లోకి థర్డ్ ఏసీ వచ్చింది. దాంతో ఏసీ బండి చిన్న ఉద్యోగికి కూడా అందుబాటులోకి వచ్చింది. నాకు అందింది కూడా అదే.

2004లో నాకు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. ఢిల్లీలో శిక్షణ ముగించి చెన్నైలో చేరమన్నారు. ఆఫీసు ఖర్చు మీద థర్డ్ ఏసీ టిక్కెట్టు వచ్చింది. నిజాముద్దీన్‌లో మధ్యాహ్నం బండెక్కాను. నా బెర్తు పై బెర్తు. కూర్చున్న కాసేపటికే ఒక మనిషి ట్రేలో టీ, బిస్కెట్లు, ఒక సమోసా తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు. నేను డబ్బులకోసం జేబులో చెయ్యి పెట్టాను. పక్కాయన నవ్వి, "టిక్కెట్టులోనే ఉందండీ" అన్నాడు. చీకటి పడే వేళకి చంబల్ లోయలు వచ్చాయి. సూప్ వచ్చింది. తరువాత రొట్టెలు, అన్నం, పప్పు, కూర, పెరుగు. పులావ్‌లో ఒక జీడిపప్పు బద్ద కనిపించింది. ఎవరి చేతులు నల్లబడ్డాయో అనుకున్నాను. అన్నం తినగానే కాగితపు సంచిలో రెండు తెల్ల దుప్పట్లు, ఒక చిన్న తువ్వాలు ఇచ్చారు. దిండు, కంబళి వేరే. మనిషికి రెండు దుప్పట్లు, మేము చెప్పుకున్నది నిజమే.

మిత్రులారా, ఒక మాట చెప్పాలి. ఆ రాత్రి నాకు సుఖం కంటే ముందు భయం కలిగింది. దుప్పటి మీద మరక పడుతుందేమో, తలుపు ఎలా తెరవాలో తెలియదని ఎవరైనా కనిపెడతారేమో, నన్నెవరైనా లేచి పొమ్మంటారేమో. ఎవరూ అనలేదు. అందరూ తమ పుస్తకాలు, తమ కబుర్లు చూసుకుంటున్నారు. ఆ భయం బండిలోది కాదు, నేను వెంట తెచ్చుకున్నది. మన పిల్లలు చాలామంది మొదటిసారి పెద్ద ఆఫీసులోకి వెళ్ళినా, పెద్ద కాలేజీలోకి వెళ్ళినా ఇదే భయం మోసుకుపోతారు. మీకు అలా అనిపిస్తే అది మీ ఒక్కరిదే అనుకోకండి.

నిద్ర పట్టక తలుపు దగ్గరికి వెళ్ళాను. దుప్పట్లు ఇచ్చిన అబ్బాయి అక్కడ సంచులు సర్దుకుంటున్నాడు. నా కంటే చిన్నవాడే. నాకొచ్చిన కొద్దిపాటి హిందీలో ఊరేదని అడిగాను. ఝాన్సీ దగ్గర పల్లె అన్నాడు. "పడుకోవా?" అంటే, "భోపాల్లో దిగేవాళ్ళు ముగ్గురున్నారు సాబ్, లేపాలి. తెల్లారి నాగపూర్లో దిగేవాళ్ళని లేపాలి. నేను పడుకుంటే వాళ్ళు చెన్నై పోతారు" అని నవ్వాడు. నన్ను సాబ్ అన్నాడు. నాకు ఒక్క క్షణం ఎవర్ని పిలిచాడో అర్థం కాలేదు. అప్పుడు మా వాడి ప్రశ్న గుర్తొచ్చి అడిగాను. ఇన్ని దుప్పట్లు ఎవరు ఉతుకుతారు? బండి చేరాక మూటలు కట్టి లాండ్రీకి పంపుతారనీ, దుప్పట్లు ప్రతి ప్రయాణం తరువాతా ఉతుకుతారనీ, కంబళ్ళు మాత్రం అన్నిసార్లు ఉతకరనీ చెప్పాడు. వాళ్ళ తమ్ముడు హాస్టల్లో ఉండి చదువుతున్నాడట. "వాడు నాలా దుప్పట్లు పంచకూడదు" అన్నాడు. "పంచితే తప్పేముంది? నా దుప్పటి ఉతికినవాడు లేకపోతే నాకు నిద్రెక్కడిది?" అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. "తప్పు లేదు సాబ్. కానీ వాడు ఒకసారైనా పై బెర్తులో పడుకోవాలి" అన్నాడు.

విలాసవంతమైన రైళ్ళ చరిత్రంతా ఆ అబ్బాయి మాటలోనే ఉందని తరువాత చదివినప్పుడు తెలిసింది. 1883లో పారిస్ నుంచి ఇస్తాంబుల్ వైపు బయలుదేరిన ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్ గురించి మీరు వినే ఉంటారు. దాన్ని నడిపించిన బెల్జియం దేశస్థుడు నాగెల్‌మాకర్స్‌కి ఆ ఆలోచన వచ్చింది అమెరికాలో పుల్‌మన్ కంపెనీ పడక బోగీలు చూశాకే. ఆ పుల్‌మన్ బోగీల్లో పడకలు సర్దేందుకూ, బూట్లు తుడిచేందుకూ, సామాను మోసేందుకూ కంపెనీ నల్లజాతివాళ్ళనే పెట్టుకుంది. అంతర్యుద్ధం తరువాత బానిసత్వం నుంచి బయటపడినవాళ్ళు ముందు ఆ పనిలో చేరారు. వాళ్ళ సొంత పేర్లు ఎవరికీ అక్కర్లేదు. యజమాని పేరు జార్జ్ పుల్‌మన్ కాబట్టి ప్రయాణికులు ప్రతి పనివాణ్ణీ జార్జ్ అనే పిలిచేవాళ్ళు.

1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో ఆ పనివాళ్ళు సంఘం పెట్టుకున్నారు. పన్నెండేళ్ళు పోరాడి 1937లో కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించారు. నెలకు 400 గంటల దాకా ఉన్న పని 240 గంటలకు తగ్గింది, జీతం పెరిగింది. 1963లో వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించిన మహా ప్రదర్శనకు పెద్దదిక్కుగా నిలబడింది కూడా ఈ రాండాల్ఫే. ఆ రైలు పనివాళ్ళ ఇళ్ళ నుంచి చదువుకున్న తరం ఒకటి బయటికి వచ్చింది. 1967లో అమెరికా సుప్రీంకోర్టుకి మొదటి నల్లజాతి న్యాయమూర్తి అయిన థర్గుడ్ మార్షల్ తండ్రి కూడా రైళ్ళలో పనిచేసినవాడే. పడకలు సర్దిన చేతులే పిల్లల్ని బడికి పంపాయి. మన అమ్మల చేతులకీ వాళ్ళ చేతులకీ నాకు పెద్ద తేడా కనిపించలేదు.

మర్నాడు మధ్యాహ్నం విజయవాడ వచ్చింది. నేను ఎక్కిన రోజుల్లో అది దాటితే మళ్ళీ చెన్నైలోనే ఆగేది. కృష్ణ వంతెన దాటాక కిటికీ పక్క సీటు అడిగి కూర్చున్నాను. తెనాలి వెళ్ళిపోయింది, బాపట్ల వెళ్ళిపోయింది. చీరాల దాటగానే లేచి నిలబడ్డాను. జాండ్రపేట. ఆ తరువాత మన స్టేషను. పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలు చదివేలోపే పోయింది. సెకనుకి ముప్ఫై మీటర్లు పోయే బండికి మన ఊరు ఎంత? పట్టాల పక్కన ఎవరో పిల్లలు చేతులు ఊపారు. నేనూ ఊపాను. నల్ల అద్దం కదా, వాళ్ళకి కనిపించి ఉండదు. ఇన్నేళ్ళు బయటి నుంచి చూసిన అద్దాన్ని ఆ రోజు లోపలి నుంచి చూశాను.

ఆ సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు మా లెక్కల వాణ్ణి కలిశాను. పదో తరగతిలో వాడికి నాకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. కానీ వాళ్ళ నాన్న మంచాన పడ్డాడు. ఇంట్లో వాడే పెద్దవాడు. కాలేజీ హాస్టలుకు దరఖాస్తు పెట్టే వేళకి వాడు చీరాలలో కూలికి కుదిరిపోయాడు. నేను రాజధాని కబుర్లు చెబుతుంటే ఓపికగా విన్నాడు. సూప్, ఐస్‌క్రీమ్, దుప్పట్లు, అన్నీ విన్నాడు. చివర్లో, "మరి ఎవడు ఉతుకుతాడో కనుక్కున్నావా?" అన్నాడు. చెప్పాను. "అదీ లెక్క" అన్నాడు.

నేను బండి ఎక్కడానికీ, వాడు ఎక్కకపోవడానికీ తెలివి కారణం కాదు. ఇది నేను ఏ సభలోనైనా చెబుతాను. కష్టపడితే ఎవరైనా ఎక్కవచ్చని పిల్లలకు చెప్పడం మంచిదే. కానీ ఆ ఏడాది వాళ్ళ నాన్నకు వైద్యం దొరికి, వాడికి కాలేజీ హాస్టల్లో సీటు సమయానికి అంది ఉంటే, నా పక్క బెర్తులో వాడుండేవాడు. వాడి కూతురు ఇప్పుడు గురుకులంలో ఇంటర్ చదువుతోంది. లెక్కల గ్రూపు. తండ్రి పోలికే.

ఇటీవలి సంగతులు కూడా రెండు చెప్పాలి. 2020లో కరోనా వచ్చినప్పుడు ఏసీ బోగీల్లో దుప్పట్లు, కంబళ్ళు ఇవ్వడం ఆపేశారు. 2022 మార్చిలో గానీ మళ్ళీ మొదలుకాలేదు. ఆ రెండేళ్ళూ రాజధాని ప్రయాణికులు కూడా మనలాగే దుప్పటి ఇంటి నుంచి మోసుకుని వెళ్ళారు. 2023లో మన లైను మీదికి వందే భారత్ బండ్లు వచ్చాయి. ఏప్రిల్‌లో సికింద్రాబాదు, తిరుపతి బండి, సెప్టెంబరులో విజయవాడ, చెన్నై బండి. అవీ మన ఊళ్ళో ఆగవు. ఇప్పటి పిల్లలు వాటి బోగీలు లెక్కపెడుతున్నారని విన్నాను. సంతోషం. అదే ఏడాది డిసెంబరులో అమృత్ భారత్ పేరుతో ఏసీ లేని కొత్త రకం బండ్లు మొదలయ్యాయి. దండావతే గారు బల్ల మీద వేయించిన మెత్త లాంటి ఆలోచన ఇంకా బతికే ఉందని వాటిని చూస్తే అనిపిస్తుంది.

ఇంతకీ ఈ రైలు కథ హాస్టల్ పత్రికలో ఎందుకంటే, రాజధానిలో ఏమిచ్చారో ఒకసారి వరసగా చెప్పుకోండి. పడుకోవడానికి చోటు, కప్పుకోవడానికి దుప్పటి, వేళకు అన్నం, చదువుకోవడానికి దీపం, భద్రంగా చేరవేసే మనిషి. ఇవేగా? మన హాస్టల్ ఇచ్చిందీ ఇవే. అక్కడ వాటిని విలాసం అన్నారు, ఇక్కడ సంక్షేమం అన్నారు. నిజానికి రెండూ కాదు, మనిషికి కనీసం కావలసినవి. ఒకప్పుడు మంచు దిమ్మెల మీద దొరల కోసం వచ్చిన చల్లదనం ఇవాళ నాలాంటివాడికి అందింది. ఒకప్పుడు మొదటి తరగతికే ఉన్న మెత్త ఇవాళ అందరి వీపుల కిందికీ వచ్చింది. ఎవరో అడిగారు, ఎవరో రాశారు, ఎవరో పోరాడారు, ఎవరో సంతకం పెట్టారు. అందుకే వచ్చాయి.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ దుప్పటి చిరిగితే అడగండి. అన్నంలో పురుగు వస్తే అడగండి. కాలేజీ హాస్టల్ దరఖాస్తు గడువు ఎప్పుడో వార్డెన్ గారిని ముందే అడగండి. మీ పక్కవాడు చదువు మానేస్తానంటే వాడి కోసం మీరు వెళ్ళి అడగండి. మాకు ఆ రోజు అలా అడగాలని ఎవరూ చెప్పలేదు. అలాగే మీకు వండిపెట్టే అక్కనీ, గదులు ఊడ్చే కామాటినీ, రాత్రి కాపలా ఉండే వాచ్‌మన్‌నీ పేరు పెట్టి, గౌరవంగా పిలవండి. జార్జ్ అని పిలిపించుకున్నవాళ్ళ కథ గుర్తుపెట్టుకోండి.

సారస్వత నికేతనం మనకు నడిచి వెళ్ళే దూరంలోనే ఉంది. ఆదివారం బట్టలుతికాక ఒక గంట అక్కడ కూర్చోండి. రైల్వే ఉద్యోగాలకు చదివేవాళ్ళు ఎవరైనా ఉంటే, బండి స్తంభాన్ని దాటే లెక్కలు మా స్నేహితుడి దగ్గరికి పట్టుకెళ్ళండి. చీరాలలోనే ఉంటాడు, ఇప్పటికీ నోటితోనే చెబుతాడు. హాస్టల్ పూర్వ విద్యార్థులం కొందరం కలిసి ఈ ఏడాది నుంచి పదో తరగతి పిల్లల కాలేజీ, హాస్టల్ దరఖాస్తులు దగ్గరుండి పూర్తిచేయించాలని అనుకున్నాం. మే నెలలో రెండు ఆదివారాలు నేనే వస్తాను. సర్టిఫికెట్ల జిరాక్సులు, ఫోటోలు సిద్ధంగా పెట్టుకోండి.